సీసాలో ఎన్ని కాయలు

పొదలకూరు యార్డులో పదిహేడేళ్ళుగా
నిమ్మకాయలు ఏరతా ఉండా.
పచ్చివి ఒక పక్క, పండినవి ఒక పక్క,
మచ్చ పడినవి ఊరగాయ వాళ్ళకి.
చూడకుండానే చెప్పేస్తాది నా బొటనవేలు
ఏ కాయ ఢిల్లీ దాకా నిలుస్తాదో
ఏది గూడూరు దాటకముందే మెత్తబడతాదో.

నా ఒంట్లో ఏం తేడా వచ్చిందో మాత్రం
కాగితం చూసి డాక్టరమ్మ చెప్పాల్సొచ్చింది.
కొవ్వంట. రక్తంలో అంట.
"నేను లావుగా కూడా లేను గదమ్మా" అంటే
నవ్వి, తెల్ల బిళ్ళ రాసింది.
రోజూ రాత్రి, మానకుండా.

నాలుగో నెలలో సుహాసిని వచ్చింది
జిప్పు సంచీ నిండా నీలం సీసాలతో.
చిటికెన వేలంత సీసా, ఏడొందల యాభై.
"నిమ్మనూనె అక్కా, అచ్చం తొక్కలోది,
రెండు చుక్కలు గోరెచ్చటి నీళ్ళలో వేసుకో,
కొవ్వు కరిగిపోతాది, ఆ బిళ్ళ మానెయ్."

నాకే అమ్మతా ఉండాది, నిమ్మకాయ వాసన!

నవ్వొచ్చింది. నవ్వు ఎనకాలే లెక్కొచ్చింది.
ఈ చిటికెన వేలు నిండాలంటే
ఎన్ని కాయలు తొక్క ఒలిపించుకోనుండాలి?
లూజుల లెక్క చూసే మనిషిని,
నా అంచనాకి గంపకి తగ్గదు.
రెండు చుక్కలంటే రెండు చుక్కలు కాదన్నమాట.

తొక్కనూనె సంగతి నాకు చెప్పాలా.
వేలి పగుళ్ళలో దిగితే
రాత్రికి ముద్ద కలుపుకోలేం.
కంట్లో చిమ్మితే ఆ పూట కూలి పోయినట్టే.
అట్టాంటిది గొంతు దిగి
కార్జం కాడికి పోయి ఏం మాట్లాడతాదో
ఎవురికి తెలుసు?
నా బిళ్ళ పని చేసేది కూడా అక్కడేనంట గదా.

తాగలేదు.
సీసా మాత్రం కొన్నా.
మొహమాటం అనుకో,
మా కాయకి అంత ధర పలికిందని
గర్వం అనుకో.

పిక్కలు లాగతా ఉన్నాయి ఆ రోజుల్లో.
తొడలు కూడా, లూజు లేపినట్టు,
లూజు లేపని ఆదివారం నాడు కూడా.
పూసినా. ఉత్త నూనెనే, ఏమీ కలపకుండా.
కమ్మగా వాసన. నొప్పి నెమ్మదించింది.
చీర ఎగ్గట్టి ఎండలో కాయలేరుతుంటే
రెండు రోజులకి పిక్క మీద చర్మం కమిలి
నల్లగా అచ్చు పడింది,
ఊరగాయకి పోయే కాయ మాదిరి.

మచ్చ చూపిద్దామని పోయినా.
డాక్టరమ్మ ముందు వాసన పట్టింది.
"ఇదేంది?"
"నూనె పూస్తే ఎండకి కమిలిందమ్మా."
"అసలెందుకు పూసినావు?"

అప్పుడు చెప్పినా కాళ్ళ లాగుడు.
ఆమె పెన్ను ఆగిపోయింది.
ఎన్నాళ్ళ నుంచి? రెండు కాళ్ళూనా?
ఒంటేలు కాఫీ రంగులో పోతా ఉందా?
ఆ బిళ్ళ కొందరికి కండలు పట్టేస్తాదంట.
నొప్పి ఆ కబురే మోసుకొచ్చిందేమో,
నేను దాని నోట్లో
వాసన గుడ్డ కుక్కి కూర్చోబెట్టినా.

రక్తం తీసినారు. గండమేమీ లేదు.
బిళ్ళ మాన్పించలేదు, మార్చింది.
సీసాని ఎలుతురుకి పట్టి
చీటీ మీది అచ్చరాలన్నీ చదివింది.
"నోట్లోకి ఒక్క చుక్క కూడా వద్దు.
ఒంటికైతే చెంచాడు నువ్వులనూనెలో ఒక చుక్క,
ఎండ తగలని చోట.
ఇంకేది వాడినా ముందు నాకు చెప్పు,
ప్రతిసారీ నా ముక్కుకి పని పెట్టబాక."

మళ్ళీ వచ్చింది సుహాసిని.
మంచినీళ్ళు తాగతా
చిల్లర కోసం సంచీ బోర్లించింది.
సీసాల మధ్యలోంచి జారిపడింది
నా బిళ్ళల అట్టే. అదే పేరు.
ఒక్క గుంట చిరగలేదు.
అంచున తేదీ దాటి ఎన్ని నెలలో.

"నీకూనా?" అన్నా.
"రెండేళ్ళయింది మానేసి" అనింది,
అమ్మేటప్పటి గొంతు కాదది.

అంటే అబద్ధం చెప్పలేదు నాకు.
నమ్మే అమ్మింది.
కోపం పడదామని దాచుకున్నదంతా
ఏం చేసుకోవాలో తెలీలేదు.

ఎదురుగా ఉన్న గంపలోంచి
ఒక కాయ ఆమె చేతిలో పెట్టి చెప్పినా:
సోమవారం ఓపీ తొమ్మిదికి.
ఇద్దరం పోదాం.
సీసాలన్నీ తెచ్చుకో.
డాక్టరమ్మకి ముక్కు మంచిది.